లాప్‌టాప్‌లో దొరికిన పెళ్ళికొడుకు

మా చెల్లెలికి నేను చూసిన సంబంధం సంగతి వింటే, మీ ఇంట్లో పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నన్ను వంటింట్లో పెట్టి గొళ్ళెం వేస్తారు. అయినా చెబుతాను.

ఏలూరులో మా మేడమీద వాటాలో రమ్య అనే అమ్మాయి అద్దెకు దిగింది. మనం ముఖాలు ఎలా గుర్తుపడతాం, ఒకరికొకరు ఎందుకు నచ్చుతారు అన్నదాని మీద పరిశోధనట. ఒకరోజు లాప్‌టాప్ తెచ్చి వరసగా అబ్బాయిల ముఖాలు చూపించింది.

"ఎవరు నచ్చారో చెప్పండక్కా."

మా ఇళ్ళలో ఈ ప్రశ్నకి ఒకటే అర్థం. సంబంధాలు చూపిస్తూ, మొహమాటానికి పరిశోధన అంటోందనుకున్నాను. ఇంతలో ఒకడు వచ్చాడు. వెన్నతో చేసినట్టున్నాడు. వంక పెడదామంటే మొటిమ కూడా లేదు.

"ఇతను చాలమ్మా, ఇంక తిప్పకు."

"అందరూ ఇతన్నే అంటున్నారక్కా."

పోటీ ఉందన్నమాట! వెంటనే ఆ ఫోటో ఫోన్‌లోకి పంపించుకుని మా చెల్లెలు, అంటే మా బాబాయి కూతురు, సుజాతకి పెట్టాను.

సుజాతది గణపవరంలో చేపల మేత కొట్టులో ఉద్యోగం. ఒక పెళ్ళివారు ఎదురుగానే రంగు తక్కువన్నాక, ఏ ఫోటో పంపినా తెరవడం మానేసింది. దీనికి మాత్రం తనే ఫోన్ చేసింది.

"మంచివాడి కళ్ళలా ఉన్నాయక్కా" అంది మెల్లగా. "నా ఫోటో ఆయనకి చూపించావా?"

"చూపిస్తాలే" అన్నాను. ఆదివారానికల్లా బాబాయి, సుజాత చక్కెరకేళి అరటిపళ్ళతో దిగారు. రమ్యని కిందకి పిలిచి ఫోన్ చూపించాను.

"అబ్బాయిది ఏ ఊరమ్మా?" అన్నారు బాబాయి.

"ఇతను లేడండీ."

"అయ్యయ్యో. ఎప్పుడు పోయాడమ్మా?"

"పోలేదండీ, అసలు పుట్టలేదు. చాలామంది ముఖాలు కంప్యూటర్‌లో కలిపితే వచ్చిన ముఖమండీ. మచ్చలూ వంకరలూ అందులో కలిసిపోతాయి, అందుకే అందరికీ నచ్చుతాడు."

బాబాయి ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. "పోనీ, ఆ కలిపినవాళ్ళలో పెళ్ళికాని వాళ్ళెవరైనా ఉన్నారేమో చూడమ్మా."

నేను మాత్రం సుజాత వైపు చూడలేకపోయాను. ఇన్నాళ్ళకి తనంతట తాను ఒక ముఖం చూసి ఆశపడింది. అదీ నా మూలంగానే ఇలా అయింది. ఓరకంట చూస్తే తల దించుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి లాక్కున్నాను. చూస్తే నవ్వాపుకోలేక అవస్థ పడుతోంది.

"వాళ్ళు నాకు రంగు తక్కువన్నారు గానీ, పుట్టలేదని అనలేదు కదక్కా."

ఆ నవ్వుతున్న నెత్తిమీదే చెయ్యి పెట్టి ఒట్టేశాను: ఇకమీదట ఎంత చక్కని ముఖం కనబడినా సరే, దాని కింద మెడా, నడుమూ, రెండు కాళ్ళూ ఉన్నాయని తేలి, ఆ కాళ్ళతో తనే నడిచి మా గుమ్మం ఎక్కితే తప్ప, సంబంధం అన్న మాటెత్తను.