నెట్ లేని చోట దారి

జనగామ బస్సులో నా పక్కన ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని ఒకామె కూర్చుంది. ఉద్యోగం కోసం భూపాలపల్లి అడవి దారుల్లో బైకు నడిపే నా కూతురు మొన్న సిగ్నల్ పోయి దారి తప్పిందని ఆమెకు చెప్పాను. దారి చూపే మిషన్ చౌకది కొంటే అదీ అడవిలో ఆగిపోతుందేమోనని నా భయం.

"పరేషాన్ గాకు అవ్వా. ఇంట్ల పాత ఫోనుంటే మ్యాపు ముందుగాల్నే డౌన్‌లోడ్ చేసి పెట్టుండ్రి, గదే మిషన్," అని, అట్లా మ్యాపు పెట్టుకున్న తన ఫోనులో నెట్ ఆపి నా చేతికిచ్చింది. "మీ ఊరు కొట్టి చూడు."

"నాకు అక్షరాలు మొన్ననే వచ్చినయి బిడ్డా."

"మెల్లగ కొట్టు, బస్సు ఇంకా కదల్లేదు."

ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. మా ఊరు కనిపించింది.

ఇప్పుడు రోజూ, మ్యాపు డౌన్‌లోడ్ చేయించిన మా పాత ఫోనులో నెట్ ఆపి మా ఊరి పేరు నేనే కొడతాను. అడవి నుంచి ఇంటికి దారి కనిపించాకే కూతురికి ఆ ఫోనూ, బండి తాళమూ ఇస్తాను.