మా అమ్మాయి చదివే వ్రతకథ

మా అమ్మాయి మూడో తరగతికే మా వీధి మొత్తానికి వ్రతకథ చదివేది. కొవ్వూరులో మా వీధిలో శ్రావణ శుక్రవారం వచ్చిందంటే, దాన్ని తీసుకెళ్ళడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పొద్దున్నే మా గుమ్మంలో ఉండేవారు. కథ అయ్యేదాకా అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కూర్చోవాలి కదా! నేను చదివితే నత్తనడక, అందరి చేతులూ చెమటలు పట్టేవి. అది మాత్రం గుక్క తిప్పుకోకుండా చదివేసేది. "మీ పిల్ల చదివితే అమ్మవారు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టుంటుందమ్మా" అనేవారు ఎదురింటి పిన్నిగారు. అది ఒళ్ళో నానబెట్టిన శనగలు పోయించుకుని ఇంటికొచ్చేది. నాకు కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

నాలుగులో ఇంగ్లీషు మీడియంలో వేశాం. ఆఫీసుల్లో ఇంగ్లీషు ఫారం చేతికిస్తే బిక్కమొహం వేసినదాన్ని నేను. దానికా గతి పట్టకూడదనుకున్నాను. "ఇంట్లో కూడా తెలుగు పుస్తకాలు పక్కన పెట్టించండి మేడమ్" అన్నారు స్కూల్లో. ఆరిందాలా తలూపి వచ్చాను. శ్రావణంలో పిలుపులొస్తే "దానికి పరీక్షలండీ" అని నేనే పంపేదాన్ని కాదు. సాయంత్రాలు అది ఇంగ్లీషు పాఠం గడగడా చదువుతుంటే, ముక్క అర్థం కాకపోయినా తలుపు దగ్గర నిలబడి వినేదాన్ని. అయినా శుక్రవారం పక్కింట్లోంచి ఎవరో కథ చదవడం వినిపిస్తే, పోపు మాడుతున్నా కదలలేకపోయేదాన్ని. దాని పాత గొంతు కోసం ప్రాణం కొట్టుకునేది.

రెండేళ్ళు అలా ఓర్చుకున్నాను. ఈ ఏడు ఇక ఆగలేక, మనింట్లో పూజకి కథ నువ్వే చదవాలన్నాను. "వద్దమ్మా" అంది. బతిమాలాను. మొదలుపెట్టింది. రెండో వాక్యంలోనే ఒత్తుల దగ్గర తట్టుకుంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ కూడబలుక్కుంది. వచ్చినవాళ్ళు దాని మొహం చూడలేక తమ గుప్పిళ్ళకేసి చూసుకుంటున్నారు. "ఫోన్లో పెట్టేద్దామమ్మా, పిల్ల అలిసిపోయింది" అన్నారు పిన్నిగారు, మంచిమనసుతోనే. ఫోన్లో ఎవరో చక్కగా చదివారు. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

అందరూ వెళ్ళాక దాని పక్కన కూర్చుని, "పోన్లేవే, ఇంగ్లీషు వచ్చింది కదా" అన్నాను. దానికి చెప్పానో, నాకు నేనే చెప్పుకున్నానో.

అది బ్యాగులోంచి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "మధ్యలో ఎక్కడైనా వేలు పెట్టి చదవమనమ్మా" అంది. పెట్టాను. కాసేపు ఆ వాక్యం కేసి చూసి, పాఠం మొదటికి పోయి, అక్కణ్ణుంచి లోపల్లోపల గొణుక్కుంటూ నా వేలిదాకా వచ్చింది.

"మొదట్నుంచీ అప్పజెబితేనే వస్తుందమ్మా. ఇదీ చదవడం రాదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే?"

"నువ్వు వింటూ మురిసిపోయేదానివి కదమ్మా."