వరండాలో నిలువుకాళ్ళ మీటింగు

థెమెలినా మావ్రిక్కోస్ అని నోరారా పూర్తి పేరుతో పిలిచేది ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరం మొత్తానికి ఒక్క నానమ్మే. మిగతా అందరికీ ఆమె లీనా. నైట్‌క్లిఫ్ సముద్రం ఒడ్డున సాయంత్రం నడకకి వచ్చే ముసలివాళ్ళకైతే ఆ పేరు కూడా అక్కర్లేదు. వెనక నుంచి చక్రాల చప్పుడు వినిపిస్తే చాలు, "వస్తోందిరా తల్లి!" అని బాట పక్కకి తప్పుకుంటారు. పుట్టినప్పటి నుంచీ లీనా కాళ్ళు ఆమె మాట వినవు. ఆ మాట వినకపోవడం ఒంట్లో మిగతా భాగాలకి కూడా అంటుకుందని వాళ్ళమ్మ అంటుంది. చిన్నప్పుడోసారి చక్రాల కుర్చీలో వాలు మీద నుంచి బ్రేకు వేయకుండా దిగి, ముందుపళ్ళు ఊడగొట్టుకుంది. ఇంటికొచ్చి ఏడవలేదు సరికదా, ఊడినవి తెల్లవి కాబట్టి కొత్తవి బంగారువి పెట్టించమని బేరానికి దిగింది.

అలాంటి పిల్ల విశ్వవిద్యాలయంలో చేరి కంప్యూటరు చదువు మొదలుపెట్టింది. రెండో ఏడాది సెలవుల్లో, వైకల్యం ఉన్న విద్యార్థులకి సాఫ్ట్‌వేరు ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్‌లు ఇప్పించే పథకం ఒకటి ఉంటే దానికి పేరిచ్చింది. చోటు దొరికింది. హార్బరులో ఇటూ అటూ తిరిగే ఫెర్రీలకి ఫోను యాప్ తయారుచేసే చిన్న ఆఫీసు అది. సెలవులయ్యాక, పని నచ్చితే, చదువుకుంటూనే వారానికి కొన్ని గంటలు జీతానికి రమ్మంటారు. లీనాకి ఆ ఉద్యోగం కావాలి. మామూలుగా కావడం కాదు, దాని మీద ఆమె ప్రాణం పెట్టుకుంది.

ఆఫీసు పెద్ద డరిల్. మనిషి వెన్న. ఆ వెన్నతోనే వచ్చింది చిక్కంతా.

లీనా రాకముందు ఆ ఆఫీసుకి ఒక పద్ధతుండేది. రోజూ పొద్దున్నే అందరూ బయట వరండాలో నిలబడి, నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో చెప్పుకోవాలి. కూర్చోకూడదు. నవంబరు నెలలో, వాన ఇంకా విరగబడక ముందు, డార్విన్ ఉక్క ఎలా ఉంటుందంటే పీల్చిన గాలి కూడా గొంతులో చెమట పడుతుంది. ఆ ఉక్కలో నిలువుకాళ్ళ మీద నిలబడి ఎవడు ఉపన్యాసాలిస్తాడు? కప్పులో టీ చల్లారకముందే మీటింగు అయిపోయేది.

డరిల్ ఆలోచించాడు. వరండాలోకి పోవాలంటే ఒక మెట్టు దిగాలి. పైగా, నిలబడలేని పిల్ల ఎదురుగా పదిమంది నిలబడితే ఆ పిల్ల మనసు ఎంత నొచ్చుకుంటుంది! పాపం, ఆమెని ఓ మాట అడుగుదామని మాత్రం తోచలేదు. లీనా వచ్చిన మొదటి రోజునే ప్రకటించేశాడు.

"ఇవాళ్టి నుంచి ఈ ఆఫీసులో ఎవరూ నిలబడరు. మీటింగు లోపల, ఏసీలో, సోఫాల మీద."

సోఫాలొచ్చాయి. మెత్తటి దిండ్లొచ్చాయి. కొబ్బరి కేకు కూడా వచ్చింది. ఇంకేం కావాలి? చల్లటి గదిలో, మెత్తటి సోఫాలో, చేతిలో కేకు ముక్కతో కూర్చున్న మనిషి లేస్తాడా? ట్రెంట్ అనే కుర్రాడు ఒకడున్నాడు. వాడి పడవ, వాడి గాలం, వాడికి చిక్కీ చిక్కకుండా తప్పించుకున్న బారముండి చేప, ఇవే వాడి కబుర్లు. ఆ చేప సోమవారం మోచేయంత ఉండేది, శుక్రవారానికి మొసలంత అయ్యేది. మీటింగు మధ్యాహ్నం భోజనాల దాకా సాగేది. చివర్లో డరిల్ చేతులు దులుపుకుని, "మిగతావి రేపు చూద్దాం" అనేవాడు.

ఆ మిగతావాటిలో రోజూ మిగిలిపోయేది లీనా పనే.

నిజానికి ఆమెకి పనంటూ ఎవరూ ఇవ్వలేదు. బటన్లకి రంగులు చూడమన్నారు. చూసింది. "అద్భుతం!" అన్నాడు డరిల్. కంపెనీ వెబ్‌సైటులో పెట్టడానికి ఫొటో తీస్తామన్నారు. కూర్చుంది. "అద్భుతం!" ఒక రోజు కాఫీ తనే కలుపుకుంది. దానికీ అద్భుతమే! ఒళ్ళు మండిపోయి, తన పని తనే వెతుక్కుంది లీనా.

డార్విన్‌లో ఆటుకీ పోటుకీ మధ్య సముద్రం రెండంతస్తుల మేడంత దిగిపోతుంది. ఫెర్రీ ఎక్కే తేలుడు వేదిక నీళ్ళతో పాటు దిగుతుంది. ఒడ్డు నుంచి దాని మీదికి వేసిన వంతెన పోటు మీద బల్లపరుపుగా ఉంటుంది, ఆటు మీద జారుడుబండలా వేలాడుతుంది. చక్రాల కుర్చీవాళ్ళూ, పిల్లల బండి తోసుకొచ్చే తల్లులూ, మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళూ అక్కడిదాకా వచ్చి, ఆ వాలు చూసి ఉసూరుమంటూ వెనక్కి పోతారు. లీనాయే ఎన్నిసార్లు పోయిందో. ఏ వేళకి వాలు ఎంత ఉంటుందో ఇంట్లోనే ఫోనులో చూసుకునేలా యాప్‌లో ఒక భాగం రాసింది. రాసినదాన్ని మీటింగులో అందరి ముందూ చూపించాలి. మారివిక్ పరీక్షించాలి. అప్పుడే అది జనం ఫోన్లలోకి పోతుంది.

మారివిక్ ఫిలిప్పీన్స్ మనిషి. యాప్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం, మనుషుల్లో తప్పులు పట్టడం ఆమె సరదా. ఆఫీసులో ఆమె నోట పడని వాడు లేడు. ట్రెంట్‌ని "చేపల కథకుడా" అని తప్ప పిలవదు. డరిల్ని సైతం, "నువ్వు తలుపు మూసినా తెరిచినా ఒకటే, లోపల ఎవరూ లేరు" అంటుంది. అందరూ పగలబడి నవ్వుతారు. లీనా దగ్గరికొచ్చేసరికి మాత్రం అంతటి మారివిక్కూ గొంతు తగ్గించి, "బాగున్నావామ్మా? ఏమైనా కావాలామ్మా?" అంటుంది. లీనాకి ఏడుపొచ్చేది. ఆ ఊళ్ళో నీ మీద జోకు వెయ్యలేదంటే నువ్వింకా గుమ్మం బయటే ఉన్నావని లెక్క.

సెలవులు సగం పైగా కరిగిపోయాయి. ఒక మధ్యాహ్నం నీళ్ళు పట్టుకుందామని వెళ్ళిన లీనాకి, పక్కగదిలో డరిల్ ఫోనులో మాట్లాడడం వినిపించింది.

"ఆ పిల్లా? ఉద్యోగం ఇచ్చేస్తున్నాం. అది వచ్చిన మొదటి రోజే అనేసుకున్నా. ఎంత స్ఫూర్తి అనుకున్నావు!"

లీనా నీళ్ళు పట్టకుండానే గ్లాసు అక్కడే పెట్టేసింది. మొదటి రోజా? మొదటి రోజు తను చేసిందేమిటి? తలుపు తోసుకుని లోపలికి రావడం!

ఇంటికెళ్ళి నానమ్మ వంటింట్లో సంచీ విసిరికొట్టింది. నానమ్మ పొయ్యి దగ్గర వంకాయలు వేయిస్తోంది.

"ఏమే థెమెలినా, ఆ సంచీ ఏం పాపం చేసింది?"

"నాకు ఉద్యోగం ఇస్తారట."

"ఇస్తే ఏడుపు దేనికే పిచ్చిదానా? మిఠాయి పంచుకోవాల్సింది పోయి!"

"నేను రాసిందాంట్లో ఒక్క ముక్క చూడలేదు నానమ్మా! నా కుర్చీని చూసి ఇస్తున్నాడు. కుర్చీనే తీసుకోమను, నేను ఇంట్లో ఉంటా."

నానమ్మ అట్లకాడ పక్కన పెట్టి ఆమె మొహం వంక చూసింది. ఆ మొహంలో కోపం కన్నా దుఃఖమే ఎక్కువుందని ఆవిడకి తెలిసిపోయింది.

"మరి ఆ మాట వాడి మొహాన అనకుండా నా వంకాయల మీద అరుస్తావేమే? రేపెళ్ళి వాడితోనే చెప్పు. ముందు తిను."

మర్నాడు మీటింగులో ట్రెంట్ చేప కథ ఎత్తుకోబోతుంటే లీనా చెయ్యెత్తింది.

"డరిల్, మీటింగు మళ్ళీ వరండాలో పెట్టు."

డరిల్‌కి కేకు గొంతుకి అడ్డం పడింది. "అక్కడ మెట్టుంది కదా లీనా!"

"ట్రెంట్ బండిలో పడవ ఎక్కించే చెక్క ఉంది. ఆ మెట్టు మీద వాలుగా వేస్తే దిగిపోతా. మొదటి రోజే అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని."

"కానీ మేమందరం నిలబడితే నువ్వు..."

"మీరు నిలబడండి బాబూ! నాకేం, నా కుర్చీ నేనే తెచ్చుకున్నాగా. మీ సోఫాల పుణ్యమా అని నా పని ఒక్కరోజూ చర్చకి రాలేదు. ఇంకొకటి. నాకు ఉద్యోగం ఇద్దామని అనుకున్నావట. ఆ మాట వెనక్కి తీసుకో. నా పని చూసి ఇస్తే ఇయ్యి, లేదంటే పొమ్మను."

డరిల్ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. మంచివాణ్ణి మంచితనం మీద కొడితే తగిలే దెబ్బ వేరు. అయినా మనిషి నిజాయితీపరుడు. "సరే. వెనక్కి తీసుకున్నా," అన్నాడు. తీసుకోమంది లీనాయే. ఇప్పుడు నిజంగానే చేతిలో ఏమీ లేదు.

చెక్క వచ్చింది. అందరూ వరండాలోకి వచ్చారు. ఒక్క నిమిషంలో చొక్కాలు వీపులకి అంటుకుపోయాయి. ట్రెంట్ మొహం తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ నోరు జారాడు.

"నీకేమమ్మా మహారాణీ, మమ్మల్ని ఎండలో నిలబెట్టి నువ్వు సింహాసనం మీద కూర్చున్నావు!"

అందరూ బిగుసుకుపోయారు. డరిల్ కళ్ళు మూసుకున్నాడు. ట్రెంట్ నాలిక కరుచుకున్నాడు. లీనా ఒక్కసారి తెల్లబోయి, ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వింది. అన్నాళ్ళకి ఒక్కడు! ఒక్కడు మనిషిలా మాట్లాడాడు!

"అయితే నేనూ నిలబడతా, చూడు," అని కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి ఒళ్ళంతా గాల్లోకి లేపింది. ఒంటి బరువు ఒకేచోట పడకుండా రోజూ చేసేదే ఆమెకి. "నువ్వూ ఒక కుర్చీ తెచ్చుకో. ముందు ఎవరు కిందపడితే వాళ్ళు ఇవాళ మాట్లాడకూడదు."

ట్రెంట్‌కి పౌరుషం వచ్చింది. లోపల నుంచి చేతులున్న కుర్చీ తెచ్చుకుని, చేతుల మీద లేచాడు. లేచి, "ఇదెంత..." అన్నాడు. అంతే. మోచేతులు గజగజలాడాయి, దబ్బున కూలబడ్డాడు. కుర్చీతో సహా వెల్లకిలా పడుండేవాడే, డరిల్ పట్టుకున్నాడు.

"చేప తప్పించుకుంది!" అంది మారివిక్. ఆ రోజుకి ట్రెంట్ నోరు మూతపడింది. మిగిలినవాళ్ళు ఉక్కకి తట్టుకోలేక చెప్పాల్సింది గబగబా చెప్పేశారు. అలా, మొట్టమొదటిసారి, లీనా వంతు వచ్చింది.

మారివిక్ తన ఫోనులో లీనా రాసింది తెరిచింది. అటూ ఇటూ నొక్కింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమే పిల్లా, ఆటు వేళకి వంతెన ఎటు వాలుతుంది?"

"కిందికి."

"నీ యాప్‌లో పైకి పోతోంది. ఆటు ఎక్కువైన కొద్దీ ఇంకా పైకి పోతోంది. జనాన్ని ఫెర్రీ ఎక్కిస్తున్నావా, స్వర్గానికి పంపిస్తున్నావా?"

లీనా చూసుకుంది. కూడాల్సిన చోట తీసివేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

డరిల్ తట్టుకోలేకపోయాడు. "అయినా ప్రయత్నం మాత్రం అద్భు..."

"నువ్వు నోర్మూసుకో," అంది మారివిక్. "ఇలాంటిది బయటికి పంపితే మనల్ని హార్బరులో ముంచుతారు. తీసుకెళ్ళి మళ్ళీ రాయి. ఈసారి బుర్ర కూడా వెంట తీసుకెళ్ళు."

లీనా ఆ చెక్క మీదుగా లోపలికి వచ్చి, తలుపేసుకుని, చేత్తో నోరు నొక్కుకుని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు నిండాయి. ఆ ఆఫీసులో ఆమె రాసినదాన్ని ఒక మనిషి మొదటిసారి నిజంగా తెరిచి చూసి తప్పు పట్టింది. అంత సంతోషం ఆమెకి అంతకుముందు ఎవరి పొగడ్తలోనూ దొరకలేదు.

మళ్ళీ రాసింది. మళ్ళీ తిట్లు తింది. తనే రేవుకి వెళ్ళి, ఆటు మీదా పోటు మీదా వంతెన పక్కన కూర్చుని వాలు చూసుకుని వచ్చింది. ఈసారి మారివిక్‌తో తగాదాకి దిగింది. మారివిక్ పట్టిన తప్పుల్లో ఒకటి తప్పు కాదని రుజువు చేసింది. మారివిక్ ఒప్పుకుంది గానీ, ఆ రోజంతా మొహం మాడ్చుకుంది. క్రిస్మస్ వెళ్ళింది, వానలు విరగబడ్డాయి, వరండా రేకుల మీద వాన హోరులో అరుచుకుంటూ మీటింగులు జరిగాయి. ఒక రోజు ఆ భాగం నిజంగానే జనం ఫోన్లలోకి వెళ్ళింది.

సెలవుల చివరి రోజున డరిల్ అందరినీ వరండాలోకి పిలిచాడు. ఈసారి ముందుగా ఏమీ అనుకోలేదని అతని మొహమే చెబుతోంది.

"మారివిక్, నువ్వేమంటావు?" అన్నాడు.

"ఏమంటాను? మొండిది. ఒక్క మాట ఒక్కసారికి వినదు. నాతోనే వాదనకి దిగుతుంది." మారివిక్ వేళ్ళు మడిచి లెక్కపెట్టి లీనా వైపు ఓరగా చూసింది. "కానీ ఆ వాలు లెక్క మొత్తం దీని బుర్రలోనే ఉంది. దీన్ని పంపించేసి, రేపది చెడితే నా దగ్గరికి రాకు. నువ్వే కూర్చుని బాగుచేసుకో."

"నాకా లెక్క అర్థం కాదు," అన్నాడు డరిల్ నిజాయితీగా.

"తెలుసు. అందుకే చెప్తున్నా."

డరిల్ లీనా వైపు తిరిగాడు. అద్భుతం అనలేదు. "సోమవారం నుంచి వస్తావా? నువ్వు లేకపోతే మాకు పని జరిగేట్టు లేదు."

ఆలోచించి చెప్తానని బెట్టు చేద్దామనుకుంది లీనా. కుదర్లేదు. తల ఊపుతూ అందరి ముందే భోరుమంది.

"ఏడుపు తర్వాత, ముందు యాప్‌లో ఆ రెండో రేవు సంగతి చూడు, పొద్దున్నించి తప్పు చూపిస్తోంది," అంది మారివిక్.

లీనా చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని, కుర్చీ తిప్పుకుని పనిలోకి వెళ్ళిపోయింది.