ఖాళీ వదిలిన ఫ్లెక్సీ

చిలకలూరిపేటలో మా ఫ్లెక్సీ షాపు హైవే పక్కనే ఉండేది. చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీ వెళ్లినప్పుడల్లా గోడకు ఆనించిన ఫ్రేములు గడగడలాడేవి. మా షాపు అంటున్నానే గానీ అది నాది కాదు, బాబాయ్‌ది. ఆయన నాకు సొంత బాబాయ్ కూడా కాదు. డిగ్రీ అయ్యాక పని కోసం వెళ్లి "అంకుల్" అని పిలిస్తే, "ఆ పిలుపు నాకు పడదు, బాబాయ్ అను" అన్నాడు. అప్పట్నుంచి బాబాయే. కంప్యూటర్ నాకు ముందే వచ్చు. ముఖాలు పేర్చడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ముఖాలు పేర్చడమేమిటని నవ్వకండి. మా వైపు ఫ్లెక్సీకి ఒక పద్ధతి ఉంది. వేడుక ఎవరిదో వాళ్ల బొమ్మ నిలువెత్తున ఉండాలి. పైన వరసలో పెద్దల ముఖాలు. కింద గుండ్రటి చట్రాల్లో శుభాకాంక్షలు చెప్పేవాళ్లందరూ. ఒక్క ముఖం తప్పిపోయిందా, ఇక ఆ ఇంట్లో రభసే. ఓసారి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో చిన్న మేనమామ ముఖం మర్చిపోయాం. ఆయన భోజనం చెయ్యకుండా లేచి వెళ్లిపోయాడు. బాబాయ్ అప్పటికప్పుడు మళ్లీ ప్రింటు తీయించి, ఈసారి ఆయన ముఖం కాస్త పెద్దది చేసి, తనే బండి మీద తీసుకెళ్లి కట్టి వచ్చాడు.

ఖాళీ అనేది మా షాపులో బూతుమాట. పత్తి విత్తనాల ఫ్లెక్సీ అయితే రైతు తలకాయ కంటే పత్తికాయ పెద్దది. మిగిలిన చోట పువ్వులు, పువ్వులు పట్టని చోట మెరుపులు. వేడుక అయ్యాక అవన్నీ కప్పే పట్టాలుగా మిరప కల్లాలకు చేరేవి. వాన మబ్బు పడితే చాలు, ఎంతటి నాయకుడైనా మిరపకాయల మీద బోర్లా పడుకోవాల్సిందే.

అలాంటి చోట కూర్చుని నేను యూఎక్స్ డిజైన్ నేర్చుకున్నాను. ఫోన్లో యాప్ తెరిచిన మనిషి ఎక్కడ తడబడుతున్నాడో చూసి, ఆ తడబాటు లేకుండా తెరను తీర్చిదిద్దే పని అది. ఆన్‌లైన్ కోర్సులో మొదటి పాఠమే ఖాళీ గురించి. చుట్టూ చోటు వదిలితేనే కన్ను అసలు విషయం మీద నిలుస్తుందట. కొత్తగా మతం పుచ్చుకున్నదానిలా మర్నాడే వెళ్లి బాబాయ్‌కి బోధ మొదలుపెట్టాను.

"నాలుగు వైపులా కాస్త ఖాళీ వదులుదాం బాబాయ్. అక్షరాలు కూడా చిన్నవి చేద్దాం. కళ్లకి హాయిగా ఉంటుంది."

"వదిలితే కస్టమరు వచ్చి, ఇక్కడ మా బావమరిది పట్టేవాడు కదండీ అంటాడు. అప్పుడు నీ హాయి ఆయనకి నువ్వే చెప్పుకో."

ఆ మాట మా మధ్య ఏళ్ల తరబడి నడిచింది. నేను ఖాళీ వదిలేదాన్ని, టీ తాగి వచ్చేలోపు ఆయన అందులో ఒక గులాబీ పెట్టేసేవాడు.

మెల్లగా షాపుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పుట్టినరోజు బొమ్మలు ఎవరి ఫోన్లో వాళ్లే చేసుకుని స్టేటస్ పెట్టేసుకుంటున్నారు. రేపట్నుంచి రావద్దని ఆయన అనలేడు, మానేస్తానని నేను అనలేను. నాకు ముప్పై దాటాయి. నాన్న లేరు, ఇంట్లో అమ్మా నేనే. ఊరు వదలకుండా ఇంటి నుంచే చేసుకునే డిజైనర్ ఉద్యోగం ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. షాపు మూతపడేలోపే అది దొరకాలి.

దొరకడం లేదు. ఆ తిరస్కారపు మెయిళ్లు ఎంత మర్యాదగా ఉంటాయంటే, సంబంధం వద్దనుకున్న మగపెళ్లివారు కూడా అంత మర్యాదగా చెప్పరు. ఒక ఏడాది కంపెనీలవాళ్లు తెరలన్నీ నల్లగా ఉండాలన్నారు. మరుసటి ఏడు గాజులా మెరవాలన్నారు. నేను గాజు దగ్గరికి చేరేసరికి ఏఐ వచ్చి, కూర ఉడికేలోపు తెరలన్నీ గీసి పడేస్తోంది. ఒక రిక్రూటర్ అబ్బాయి ఫోన్ చేసి, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారని అడిగాడు. ఫ్లెక్సీ షాపు అన్నాను. పాపం మంచిగానే సలహా ఇచ్చాడు, రెజ్యూమెలో 'విజువల్ కమ్యూనికేషన్ సంస్థ' అని రాసుకోమని. బాబాయ్‌కి చెబితే, "నీకు పనికొస్తుందంటే బోర్డు మార్పించేస్తా" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు.

చివరికి హైదరాబాదు కంపెనీ ఒకటి పరీక్షగా ఒక పని ఇచ్చింది. చిన్న ఊళ్లవాళ్లు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునే యాప్‌ను నేను మళ్లీ డిజైన్ చేసి, వీడియో కాల్‌లో వాళ్లకు వివరించాలి. నేను గీసిన తెరలు షాపుకు వచ్చిన ప్రతివాళ్ల చేతిలో పెట్టాను. పక్క టీకొట్టు అక్క, విత్తనాల డీలరు, బోర్డులు మోసే ఆటో అతను, అందరి వేళ్లూ ఎక్కడ ఆగుతున్నాయో చూశాను. బాబాయ్ ప్రతిసారీ డాక్టర్ ఫొటో మీదే నొక్కేవాడు. "ముఖం కనిపిస్తుంటే బటన్‌తో నాకేం పనమ్మా" అనేవాడు. విసుక్కుంటూనే ముఖం నొక్కినా పనిచేసేలా మార్చాను.

ఇంటర్వ్యూ షాపులోనే ఇచ్చాను, నెట్ అక్కడే బాగుంటుంది. బాబాయ్ ప్రింటింగ్ మెషీన్ ఆపేసి, ఎవరూ లోపలికి రాకుండా గుమ్మం బయట కాపలా ఉన్నాడు. అంతా బాగానే సాగుతోంది. నా పని చూపించే పేజీల్లో చివరిది రాగానే అవతలి మేడమ్ ఆగమన్నారు.

"ఈ ఫొటోలెవరివండి?"

అప్పటిదాకా నేనే గమనించలేదు. చేతి అలవాటు ఊరుకుంటుందా? నాకు సాయపడ్డ వాళ్లందరినీ గుండ్రటి చట్రాల్లో వరసగా పేర్చేశాను. పైన బాబాయ్ ముఖం, మిగతా వాటికంటే పెద్దదిగా. ఆ పేజీ అచ్చం పుట్టినరోజు ఫ్లెక్సీలా ఉంది. పూలదండ బోర్డరు వెయ్యలేదు, అంతవరకు నయం.

"పొద్దుట్నుంచి వేరేవాళ్లు చూపించినవాటన్నిట్లో ల్యాప్‌టాప్ ముందు నవ్వుతున్న ఫారిన్ అమ్మాయే ఉంది. వీళ్లు నిజంగా ఉన్నారా?"

"ఉన్నారండి. ఒకాయన బయటే ఉన్నారు."

పిలవమన్నారు. బాబాయ్ లోపలికొచ్చి, జుట్టు సవరించుకుని, కెమెరాకు దణ్ణం పెట్టాడు. "నమస్కారం అండి. మా అమ్మాయి బాగా చేస్తుందండి" అన్నాడు. ఆ తర్వాత కదలడే! ఫొటో తీస్తున్నారనుకుని రెప్ప వెయ్యకుండా అలాగే నిలబడిపోయాడు. తెర అవతల వాళ్లు నవ్వాపుకుంటున్నారు. ఈ ఉద్యోగమూ పోయిందనే అనుకున్నాను.

పోలేదు. ఎందుకు తీసుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు, నేను అడగలేదు. మెయిల్ చూపిస్తే బాబాయ్ "మంచిది తల్లీ" అని, మెషీన్‌లో ఇంకు చూసొస్తానని లోపలికి వెళ్లాడు. ఇంకు చూడటానికి అంతసేపు పట్టదు. నేను పిలవలేదు. పిలిస్తే ఇద్దరం ఏడుస్తామని తెలుసు.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్నే ఎదురింటి పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ మా వాకిట్లోకి వచ్చింది. నన్ను చూసి కెవ్వుమని, ఆ వెంటనే వాటేసుకుంది. "బతికే ఉన్నావటే!" అంది. వెనకే మరో ఇద్దరు వచ్చారు. వీధి మలుపులో నా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారట.

అమ్మా నేనూ పరుగున వెళ్లాం. తెల్లటి ఫ్లెక్సీ. గులాబీల్లేవు, మెరుపుల్లేవు. మధ్యలో చిన్నగా నా ఫొటో. దాని కింద, దగ్గరికి వెళ్తే తప్ప కనిపించనంత చిన్న అక్షరాల్లో ఒకే ముక్క: 'మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది.' అడుగున షాపు పేరు కూడా లేదు. మా వైపు పోయినవాళ్లకి తప్ప తెల్ల ఫ్లెక్సీ ఎవరూ వెయ్యరు. ముఖాలు పేర్చడంలో ఇన్నేళ్లు పండిపోయిన మనిషి అంత సంగతీ మర్చిపోయాడు.

బాబాయ్ నిచ్చెన పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. అమ్మ అందుకుంది. "శుభమా అని పిల్ల ఉద్యోగంలో చేరుతుంటే ఇదేం పనయ్యా నీది?"

ఆయన ఆ మాట విననేలేదు. "ఖాళీ సరిపోయిందా అమ్మా? ఇంకొంచెం వదలాల్సిందా?" అని నన్ను అడిగాడు.

నేను ఫ్లెక్సీ నాలుగు మూలలా వెతికి అన్నాను. "నీ ఫొటో ఏది బాబాయ్?"

"పెడితే ఖాళీ పోతుందిగా."

నడివీధిలో, అంతమంది ముందు, ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చేశాను. అది చూసి దూరం నుంచి వస్తున్నవాళ్లు, నిజంగానే ఎవరో పోయారని గబగబా అడుగులేశారు.

ఆ ఫ్లెక్సీని కల్లానికి పోనివ్వలేదు. నేను పనిచేసుకునే టేబుల్ వెనక గోడకు కట్టుకున్నాను. నా ఫొటోకు నా తలే అడ్డం వస్తుంది కాబట్టి వీడియో కాల్‌లో కనిపించేదంతా తెలుపే. మీ గోడ భలే ఖాళీగా ఉందండి, అంటారు ఆఫీసువాళ్లు. అది మా బాబాయ్ వదిలిన ఖాళీ అని చెబుతాను.