తలాటో మతిమరుపు

తలాటోకి మతిమరుపు వచ్చిందని మొదట కనిపెట్టింది ఆమె కోడలు జెనాబో.

ఉప్పుతో మొదలైంది. పొద్దున్నే సైకిలేసుకుని కుదుగు ఊళ్ళో పెద్ద బజారుకు వెళ్ళి ఉల్లిపాయలూ ఎండు చేపలూ తెచ్చిన అత్తగారు, బుట్ట కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, ఉప్పు మర్చిపోయానంది. పోనీలెండి, పక్కింట్లో అడిగి తెస్తానని జెనాబో అనేలోపే సైకిలు గుమ్మం దాటేసింది. ఉప్పు వచ్చాక అగ్గిపెట్టె గుర్తొచ్చింది. పొద్దువాలాక పులుసులో రుచికి వేసే, పులియబెట్టిన గింజల సుంబాలా ఉండలు గుర్తొచ్చాయి. మర్నాడు బట్టల సబ్బు. ఆ వారంలోనే ఒకసారి సబ్బు కోసమని వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ముఖం మాత్రం పెళ్ళి భోజనం చేసొచ్చినంత తృప్తిగా ఉంది. సబ్బేదత్తయ్యా అని జెనాబో అడిగితే కాసేపు ఆలోచించి, "సబ్బా?" అంది.

ఆ రాత్రి జెనాబోకి అన్నం సయించలేదు. వాళ్ళ అమ్మమ్మకు కూడా ఇలాగే చిన్న చిన్న వస్తువులతో మొదలై, చివరికి సొంత కూతుళ్ళ పేర్లే గుర్తు లేకుండా పోయాయి.

నిజానికి తలాటో ఏదీ మర్చిపోలేదు.

తలాటో అంటే వాళ్ళ మోసీ భాషలో మంగళవారం పుట్టినది అని. ఆమె పుట్టిన పల్లెలో నీళ్ళకు నడవాలి, కట్టెలకు నడవాలి, సంతకు తెల్లవారుజామున లేచి నడవాలి. సిబిరిని పెళ్ళాడి ఈ ఊరొచ్చింది. సిబిరిది అప్పుడూ ఇప్పుడూ బట్టల మిల్లులో అద్దకం పనే. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి, నోట్లోంచి మాట మాత్రం అరుదుగా వచ్చేది. పెళ్ళయిన రెండో ఏడు, ఎవరితోనూ చెప్పకుండా, పెళ్ళానికి ఆడవాళ్ళ సైకిలొకటి కొని తెచ్చి గోడకు ఆనించాడు. మిల్లు వెనక జొన్న కోసేసిన చేలో నేర్పించాడు. నేర్పడమంటే ఏముంది, సీటు పట్టుకుని రొప్పుతూ వెనకాల పరిగెత్తడమే. ఆమె ఎన్నిసార్లు పడ్డా ఆయన ఒక్క మాట అనలేదు, నవ్వను కూడా నవ్వలేదు. అందుకే నేర్చుకోగలిగానని తలాటో తర్వాత చెప్పుకునేది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ సైకిలు ఆమెకు గాడిదే. వెనకాల నీళ్ళ డబ్బాలు, పక్కన కట్టెల మోపు, వీపున కట్టుకున్న చంటిబిడ్డ, క్యారియర్ మీద ఎడపిల్ల. పిండిమరకు జొన్నలు, మరనుంచి పిండి. తొక్కడమంటే మొయ్యడమే. ఒక సైకిలు పోయి ఇంకోటొచ్చింది, అదీ పోయి ఇప్పుడున్న ఆకుపచ్చదొచ్చింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరి సంగతీ అంతే కాబట్టి దాని గురించి ఎవరూ అనుకునేది లేదు.

పిల్లలు పెద్దవాళ్ళై ఎక్కడివాళ్ళక్కడ కుదురుకున్నారు. ఆఖరివాడు రస్మానే ఇంట్లోనే ఉండి జెనాబోని చేసుకున్నాడు. వాకిట్లోకే కుళాయి వచ్చింది. జెనాబో మంచిపిల్ల, పనిలోకి దిగితే సుడిగాలి. అత్తగారిని చెంబెత్తనివ్వదు. వచ్చిన నెలలోనే వేపచెట్టు నీడలో పీట వేసి, మీరింక కూర్చోండి అత్తయ్యా, చేసింది చాల్లెండి అంది. నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత ఆ పీట మీద తలాటోకి తిమ్మిరెక్కడం మొదలైంది, కాళ్ళకీ మనసుకీ కూడా.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం చుట్టాలు ఊడిపడ్డారు. జెనాబో సంకటి కలుపుతోంది, తెడ్డు వదలడానికి లేదు. పులుసులోకి ఉప్పు చాలదు. నేను తెస్తానని తలాటో లేచింది.

మొదటి తొక్కుకే సైకిలు ముందుకు దూకింది. ఏదో ఊడిపోయిందనుకుని కంగారుగా వెనక్కి చూసింది. క్యారియర్ ఖాళీగా ఉంది, వీపు ఖాళీగా ఉంది. ఇంతకాలంలో ఏ బరువూ లేకుండా సైకిలెక్కడం ఇదే మొదటిసారేమో. మిల్లు గోడ పక్క నుంచి కూరగాయల మళ్ళ దాకా దారి పల్లంగా ఉంటుంది. ఆ దారిన ఎప్పుడెళ్ళినా వెనకున్న బరువు తోసుకొస్తుంటే బ్రేకు నొక్కిపట్టి భయం భయంగా దిగేది. ఆ రోజు నొక్కలేదు. కాళ్ళు ఆపేసినా సైకిలు దానంతటదే పోతోంది. రోజంతా కాలిన గాలి అక్కడికొచ్చేసరికి తడిమట్టి వాసనతో చల్లబడి, తలగుడ్డ కిందనుంచి దూరి మెడ మీద పాకింది. మళ్ళకు నీళ్ళు పెడుతున్న ఆడవాళ్ళు పలకరించారు. అక్కడి పలకరింపులు ఒక్క మాటతో తేలవు. ఇల్లెలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, పనెలా ఉంది, ఎండెలా ఉందని అన్నీ అడగాలి, అన్నిటికీ బదులు చెప్పాలి. ఇల్లు బాగుందన్న మాట ఎదురుగా ఉండగా, పిల్లలు బాగున్నారన్నది పక్కకొచ్చాక, ఎండ సంగతి దాటిపోయాక భుజం మీదుగా అరుస్తూ చెప్పింది. అలా అరుస్తుంటే ఎందుకో నవ్వొచ్చింది.

ఉప్పు పొట్లం హ్యాండిలుకి తగిలించుకుని తిరిగొచ్చేటప్పుడు, అలసంద వడలు వేగుతున్న వాసన వైపు తిప్పి, అవసరం లేని వీధి ఒకటి చుట్టి మరీ ఇల్లు చేరింది.

అప్పట్నుంచి ఆమెకు వస్తువులు గుర్తుండడం మానేశాయి. అన్నీ ఒకేసారి తెచ్చేస్తే మళ్ళీ వెళ్ళేదెలా? ఊరికే తిరిగొస్తానని చెప్పొచ్చుగా అంటే, చెప్పలేదు. కోడలొచ్చిన ఆడది, మనవలున్న ఆడది, పనీ పాటా లేకుండా సైకిలు మీద గాలికి తిరుగుతోందంటే ఊరేమంటుంది? ఉప్పు కోసమంటే ఎవరూ ఏమీ అనరు.

జెనాబో మొగుడితో చెప్పింది. రస్మానే తండ్రితో చెప్పాడు. సిబిరి విని, గడ్డం గోక్కుని ఊరుకున్నాడు. అమ్మ ఏ రోజైనా దారి తప్పితే ఏం చేస్తామని రస్మానే భయపడి పెదనాన్నకు కబురు పెట్టాడు. పల్లెలో ఉండే ఆ పెద్దాయనకు వేళ్ళూ బెరళ్ళూ తెలుసు. పాపం, అంత ఎండలో బెరడు మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తలాటోని ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్ళలోకి చూశాడు, నాలుక చూశాడు, నిట్టూర్చాడు. పరగడుపున కషాయం తాగాలన్నాడు. బయటికి ఒంటరిగా పంపొద్దన్నాడు. రస్మానే సైకిలు తీసి కొట్టు గదిలో పెట్టాడు.

అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ అందరి ముఖాలూ అంత దిగాలుగా ఉన్నాయి, బావగారి కాళ్ళ మీద దుమ్ము ఇంకా వదల్లేదు, కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంతమందిని ఇంత హైరానా పెట్టింది సరదా కోసమని ఏ నోటితో చెప్పడం? తలాటో సొరబుర్ర చిప్ప అందుకుని కషాయం తాగింది. దాని ముందు వేపాకు బెల్లంలా ఉంటుంది. తాగి, పీట మీద కూర్చుంది. వీధిలో సైకిలు బెల్లు మోగినప్పుడల్లా మెడ అటు తిరిగేది. మతి తప్పినవాళ్ళు అలాగే చూస్తారని జెనాబో ఇంకా భయపడేది.

ఈ సంగతి నాలుగు రోడ్ల కూడలి దాకా పాకి, అక్కడ సైకిళ్ళు బాగుచేసే టోయే చెవిన పడింది. టోయే సామో తెగవాడు. మోసీలకూ సామోలకూ తాతలనాటి నుంచి వేళాకోళం వరస. ఒకళ్ళనొకళ్ళు బానిసా అని పిలుచుకుంటారు, సామోలకు కుక్కతల కూరంటే ప్రాణమని మోసీలు ఎగతాళి చేస్తారు, పెళ్ళిలోనైనా చావులోనైనా నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు, కోపం తెచ్చుకున్నవాడే తప్పు చేసినట్టు. కాబట్టి తలాటో మతి పోయిందంటే పరామర్శకు రావలసిన మొదటి మనిషి టోయేనే.

ఆ సాయంత్రం అందరూ వాకిట్లో ఉండగా వచ్చాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. రాని కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

"మా బానిసపిల్లకి బుర్ర పోయిందని విన్నాను. అసలు ఉన్నదే గుప్పెడు. అది కూడా ఎక్కడ పారేసుకుందో పాపం."

జెనాబో ముసిముసిగా నవ్వి తల దించుకుంది. తలాటో పెదవి కొరుక్కుని ఊరుకుంది. మతిమరుపు మనిషి మాటకు మాట అంటే బాగోదు కదా.

టోయే పీట లాక్కుని కూర్చున్నాడు. తను గుర్తు చేస్తే ఈవిడకు పాతవన్నీ గుర్తొస్తాయేమో చూద్దామని ఇంట్లోవాళ్ళతో చెప్పి మొదలుపెట్టాడు. మీ మామగారి కర్మలకు వచ్చి చచ్చినాయన చెప్పులు తొడుక్కుని, ఆయనలా నడిచి, అందరినీ నవ్వించింది నేనే కదా అన్నాడు. అప్పుడు మీవాళ్ళు మెచ్చుకుని నాకొక కోడిపుంజునిచ్చారు, ఎర్రది, ఇంత లావుది అని చేతులు చాపి చూపించాడు.

తలాటో వల్ల కాలేదు.

"పుంజా? నీ మొహానికి పుంజెవడిచ్చాడు? అది గినీకోడి. కుంటిది. అదీ ఎవరూ ఇవ్వలా, దొడ్లోకి దూరి నువ్వే పట్టావు."

"అబ్బే, అది నీ భ్రమ."

"నీ చంకలోంచి తప్పించుకుని పోతే మిల్లు గోడ దాకా దాని వెనకాల పరిగెత్తావు. వాన పడుంది. జొన్నకల్లు కాచే లారెబా దొడ్లో బురదలో నీ చెప్పు దిగబడింది, ఎడంకాలిది. మర్నాడు మీ ఆవిడ నీలం లుంగీ చుట్టుకుని ఆ చెప్పు వెతుక్కుంటూ వస్తే, కుక్కతల ఏమైనా దొరుకుతుందేమోనని వచ్చావా అని లారెబా అడిగింది. మీ ఆవిడేమందో కూడా చెప్పనా?"

చెప్పొద్దని టోయే చేతులెత్తాడు. ఆమె ఆగలేదు. టోయే నాన్న కుక్కతల కోసం ఎవరితో కొట్లాడాడో, ఆ కొట్లాట ఏ వానాకాలంలో జరిగిందో, టోయే వేసిన పంచర్లలో ఏ ఏ పంచరు ఏ ఏ మూల తిరిగి ఊడిందో వరసపెట్టి చెప్పుకుపోయింది. పక్కిళ్ళవాళ్ళు గోడల మీదకొచ్చారు. రస్మానే కడుపు పట్టుకుని కింద కూర్చున్నాడు. ఎప్పుడూ నవ్వని సిబిరి కూడా తల పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

టోయే లేచి టోపీ పెట్టుకున్నాడు. ఆ కషాయమేదో తనకు పొయ్యమని, ఇలాంటి మతిమరుపు తనకూ కావాలని అన్నాడు. పోతూ పోతూ జెనాబో దగ్గర ఆగాడు.

"చూడమ్మాయ్, ఈవిడ రోజూ నా కొట్టు ముందునుంచే పోతుంది. పల్లంలో కాళ్ళు రెండూ అటూ ఇటూ చాపేసి, కూనిరాగం తీసుకుంటూ పోతుంది. దారి మర్చిపోయినవాళ్ళు అలా పాడుకోరు."

నవ్వులు ఆగిపోయాయి. జెనాబో అత్తగారి వైపు తిరిగింది.

"మరి ఉప్పు, అత్తయ్యా?"

తలాటో చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసింది.

"ఉప్పు మర్చిపోలేదమ్మా. వెళ్ళాలనిపించింది. అంతే."

జెనాబో కషాయం కుండ తీసుకెళ్ళి దొడ్డి గోడవతల పారబోసింది. ఆ రాత్రి గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడయ్యాయి. ఆమె కోపంలో న్యాయముంది. చీకటితో లేచి పొగలో కళ్ళు మండించుకుంటూ ఆ బెరడు కాచింది తనే. పుట్టింటికెళ్ళి, మా అత్త చేయి దాటిపోతోందని ఏడ్చొచ్చింది కూడా. కొన్నాళ్ళపాటు అత్తగారితో అవసరమైనంత వరకే మాట్లాడింది. తర్వాత ఒక పొద్దున కొట్టు గదిలోంచి సైకిలు తనే బయటికి తెచ్చి, క్యారియర్ మీద జొన్నల సంచి కట్టింది.

"తిరగాలని ఉంటే తిరగండి. ఊరికే ఎందుకు? పిండిమరకి వెళ్ళి రండి."

తలాటో వెళ్ళొచ్చింది. మర్నాడు కట్టెలన్నా మాట్లాడకుండా వెళ్ళొచ్చింది. ఆ మర్నాడు క్యాబేజీలు. తిరుగుదారిలో ఎత్తు దగ్గరకొచ్చేసరికి సైకిలు దిగి నెట్టుకు రావలసొచ్చింది, పిక్కలు పట్టేశాయి. నాలుగో పూట సంచి చూడగానే పీట మీద చతికిలబడింది. కావాలంటే ఆ కషాయమే మళ్ళీ కాచి పొయ్యమంది. జెనాబో నవ్వకూడదని చాలా ప్రయత్నించింది. నవ్వొచ్చేసింది.

అప్పుడు సిబిరి నోరు విప్పాడు. "పొద్దున్న పని మీద పంపు. సాయంత్రం వదిలెయ్యి," అని చెప్పి మిల్లుకెళ్ళిపోయాడు.

ఏ పనీ లేకుండా బయల్దేరిన మొదటి సాయంత్రం తలాటోకి కొత్తగా ఉంది. బుట్ట కూడా పట్టుకెళ్ళలేదు. మళ్ళ దగ్గర తెలిసినావిడ, ఎక్కడికక్కా అని కేకేసింది. అలవాటుగా ఉప్పుకని నోటి దాకా వచ్చింది. మింగేసి, "ఎక్కడికీ లేదు, ఇలా వెళ్ళి అలా వస్తా," అంది. ఆవిడ నీళ్ళ డబ్బా కింద పెట్టేసి, ఇంట్లో గొడవేమైనా జరిగిందా అని అడిగింది. ఇలా రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. ఇంట్లో అంతా బాగానే ఉందని భుజం మీదుగా అరిచి చెప్పి చెప్పి, వానలు పట్టేనాటికి అందరికీ అలవాటు చేసింది.

వానాకాలంలో ఓ సాయంత్రం తడిసి ముద్దై వచ్చింది. రవిక మీద వెనకాల నడుం నుంచి మెడ దాకా ఎర్రబురద చారిక. ఈ వయసులో ఈ వానలో ఏమిటిదంటూ జెనాబో గొణుగుతూనే వేణ్ణీళ్ళు తోడింది, పొడి గుడ్డ ఇచ్చింది, సంకటీ బెండకాయ పులుసూ ముందు పెట్టింది. తలాటో రెండు ముద్దలు తినేదాకా ఆగింది. ఆ పైన ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ ఎక్కడిదాకా వెళ్ళారు?"

వరిమళ్ళ దాకా వెళ్ళానంది తలాటో. కొంగలు దిగాయట, మడి తెల్లగా దుప్పటి పరిచినట్టుందట. మిల్లు గోడ మీద ఎవరిదో మేక ఎక్కి దిగలేక అరుస్తుంటే, దాన్ని దింపడానికెక్కిన కాపలాదారు తనూ దిగలేకపోయాడట. లారెబా చిన్నకూతురు కొత్త సైకిలు మీద ఎవర్నో వెనకాల ఎక్కించుకుని పోతూ, తనను చూసి మొహం తిప్పుకుందట.

"ఎవర్ని ఎక్కించుకుంది?" అంటూ జెనాబో పీట దగ్గరకు జరుపుకుని, అత్తగారి పళ్ళెంలో ఇంకో గరిటె పులుసు పోసింది.