ఎడమ వెనక చక్రం

రిటైరవడానికి నాలుగు నెలల ముందు, డిసెంబరులో ఒక ఆదివారం, నన్ను కార్ల రేసుకు పిట్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. జంషెడ్‌పూర్‌లో బిర్సానగర్ అవతల వాహనాలను పరీక్షించే ట్రాక్ ఒకటి ఉంది. ఆ సీజన్‌లో చివరి ఎండ్యూరెన్స్ రేసు అక్కడ పెట్టారు. ఆరు గంటల రేసు అది. ఒక్కో స్పోర్ట్స్ కారును ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. ఎక్కువ చుట్లు తిరిగినవాళ్లదే గెలుపు. నేను వాహనాల కర్మాగారంలో క్వాలిటీ విభాగం సీనియర్ ఇన్‌స్పెక్టర్ని. వేగం మీద నాకు మోజు లేదు. సోనారిలోని ఇంటి నుంచి ప్లాంటుకు స్కూటరు మీద నలభై దాటకుండా వెళ్లివచ్చినవాణ్ని. కానీ బిగించిన నట్టును చూసి పాస్ చెయ్యడం నా వృత్తి, అందుకే పిలిచారు.

పని ఇదీ. టైర్లు మార్చడానికి కారు పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన మరమ్మతులు చేసుకునే చోటికి వస్తుంది. ఒక మెకానిక్ చక్రం నట్లు బిగిస్తాడు. రెండోవాడు టార్క్ రెంచ్ వేసి చూస్తాడు. కావలసినంత బిగువు ఉంటే రెంచ్ టక్కుమంటుంది. అప్పుడు నట్టు మీద పసుపు రంగు గీత గీస్తాడు. బిగించినవాడే గీత గియ్యకూడదన్నది మా ప్లాంటు పద్ధతి, దాన్నే రేసు నిబంధనల్లో పెట్టారు. ఆ చప్పుడు విని, గీత చూసి నేను చెయ్యెత్తితేనే కారు కదలాలి.

నాకు అప్పగించిన మూడు కార్లలో ఒకటి అప్పలనాయుడిది. శ్రీకాకుళం వైపు మనిషి. పదేళ్లు నా కింద పనిచేసి, మానేసి, జుగ్సలాయిలో గ్యారేజీ పెట్టుకున్నాడు. పాత కారు కొని, మొత్తం విప్పి, మళ్లీ కట్టి రేసు కారు చేశాడు. దాన్ని నడిపే ఇద్దరిలో ఒకరు అతని కూతురు సునీత. వరసగా రెండేళ్లు ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం దగ్గరే ఆగిపోయారు. ఈ రేసు గెలిస్తే టైటిల్ వాళ్లదే. పొద్దున్నే నాయుడు నా దగ్గరికొచ్చి, "మీరున్నారు గదా సార్, నాకేటి బెంగ?" అన్నాడు.

ఐదో గంటలో సునీత చివరి వంతుకు ఎక్కింది. అప్పటికి వాళ్ల కారే ముందుంది, వెనక కారుకు నలభై సెకన్ల తేడా. ఎడమ వెనక చక్రం బిగిస్తుండగా పక్క పిట్‌లో పెట్రోలు ఒలికి ఎవరో అరిచారు. నేను అటు తిరిగాను. మళ్లీ ఇటు చూసేసరికి అందరూ నా చెయ్యి కేసే చూస్తున్నారు. నట్ల మీద పసుపు గీతలు కనిపించాయి. చెయ్యెత్తాను. కారు వెళ్లిపోయింది.

వెళ్లాక అనుమానం పట్టుకుంది. పొద్దుటినుంచి ఆ నట్లనే వాడుతున్నారు. పాత గీతలూ పసుపే. నేను చూసినవి కొత్తవా, పాతవా? తడి రంగు మెరుస్తుంది; మెరిసిందా? రెంచ్ చప్పుడు మాత్రం నేను వినలేదు. నాయుణ్ని అడిగితే, "బిగించేసినాం సార్, ఏటయింది?" అన్నాడు. రెంచ్ వేసిన మనిషి గీత తనే గీశానన్నాడు. వాళ్లు అబద్ధం చెప్పరని తెలుసు. అయితే హడావుడిలో చెయ్యని పనిని కూడా మనిషి చేశాననే అనుకుంటాడు. నేనిప్పుడు చేసిందీ అదే కదా. కూర్చోలేక, నిలబడలేక పిట్ గోడ వెంట అటూ ఇటూ తిరిగాను. కారు ముందునుంచి పోయిన ప్రతిసారీ ఆ చక్రం ఊగుతోందేమోనని చూశాను. ఆ వేగంలో ఏం కనిపిస్తుంది? నాలుగు చుట్లు అలా గడిచాయి. ఐదో చుట్టులో వాకీటాకీ తీసి, ఎడమ వెనక చక్రాన్ని చూడకుండా పాస్ చేశానని, కారును ఆపించమని రేస్ కంట్రోల్‌కు చెప్పాను.

అలాంటప్పుడు మధ్యలో నారింజ రంగు చుక్క ఉన్న నల్ల జెండా, దాని పక్కన కారు నంబరు చూపిస్తారు. డ్రైవరు వెంటనే పిట్‌కు రావాలి, రాకపోతే రేసు నుంచి తీసేస్తారు. జెండా చూసి నాయుడు పరిగెత్తుకొచ్చాడు. "ఏటి సార్ ఇది! నా కూతురు కూకున్న బండికి నాను నట్టు వదిలేత్తానా?" అని అరిచాడు.

కారు వచ్చింది. రెంచ్ నేనే వేశాను. ఐదు నట్ల మీదా వేసిన వెంటనే టక్కుమంది. చక్రం సరిగ్గానే ఉంది. మళ్లీ చెయ్యెత్తాను, కానీ ఈలోగా వెనక కారు దాటేసింది. మిగిలిన సమయంలో సునీత చాలావరకు అందుకుంది. చివరికి తొమ్మిది సెకన్లు తక్కువయ్యాయి. మూడో ఏడూ రెండో స్థానమే.

రేసు ముగిశాక వెళ్లి నాయుడికి క్షమాపణ చెప్పాను. స్పానర్లు సర్దుకుంటూ తలెత్తకుండానే, "నట్టు టైటుగానే ఉన్నాదని నాకు తెల్సు సార్. తెలీంది మీకే" అన్నాడు. ఇంతలో సునీత హెల్మెట్ పట్టుకుని వచ్చింది. నేను తెలుగులో పలకరిస్తే ఆమె ఎప్పుడూ హిందీలోనే జవాబిస్తుంది. "అంకుల్, దేఖా నహీ థా తో హాథ్ క్యోం ఉఠాయా?" అంది. చూడనప్పుడు చెయ్యెందుకెత్తారని. కోపంగా కూడా అనలేదు, తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కారును ఆపించినందుకు ఈనాటికీ నాకు విచారం లేదు. మళ్లీ అలాగే జరిగితే మళ్లీ ఆపిస్తాను, నాలుగు చుట్ల దాకా ఆగను కూడా. తప్పు చెయ్యెత్తడంలో జరిగింది. 'నేను చూడలేదు' అన్న మాట ఇన్‌స్పెక్టరు అప్పటికప్పుడే అంటే పోయేది నాలుగైదు సెకన్లు. ఆలస్యంగా అంటే నష్టం ఇంకొకరిది. మిగిలిన నాలుగు నెలల ఉద్యోగంలో, ప్లాంటు చెక్‌షీట్ మీద 'చూడలేదు' అని మూడుసార్లు రాశాను. అంతకుముందు ముప్ఫై రెండేళ్లలో ఒక్కసారీ రాయలేదు.