పిడికిలి మామకు పాయింటు ఆరు

ఆ రోజుల్లో చదువుకున్నవాడికి తెలియనిదంటూ ఉండదని నాకు గట్టి నమ్మకం (చదువుకున్నవాడంటే నేనే). తొంభైల చివర్లో మేడ్చల్ దగ్గర ఒక చిన్న మాత్రల కంపెనీలో ఇంజనీరుగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మందుపొడిలో గంజి పోసి కలిపే మిషను దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. తడి ఎక్కువైతే ముద్ద జల్లెడ దిగదు, తక్కువైతే మాత్ర విరిగిపోతుంది. ఆయన ఆ ముద్దను గుప్పిట్లో పిసికి, బొటనవేలితో విరిచి చూసి, "ఇగ సాలు, బంద్ జెయ్యి" అనేవాడు. అందుకే అందరికీ పిడికిలి మామ. రెండు నెలల్లో ఆయన రిటైరవుతున్నాడు. "ఆయన చేతిల ఉన్నది కంప్యూటర్ల పెట్టు, నీ నౌకరి పక్కా" అన్నాడు మేనేజరు.

దానికి ఫజీ లాజిక్ అనే కంప్యూటరు లెక్క ఉందని ఎగిరి గంతేశాను. అందులో తడి, పొడి అని రెండే ఉండవు, "కొంచెం తడి"కి కూడా సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె ఇవ్వొచ్చు. నోటుబుక్కు పట్టుకుని వారం పాటు మామ వెంట తిరిగాను.

"మామా, ఇది ఎంత తడి?"

"జరంత."

"అంటే పాయింటు ఆరు అనుకోనా?"

"అవు సారూ, గంతే."

మర్నాడు ఇంకా పల్చటి ముద్ద కూడా "జరంతే". "మరి ఇది పాయింటు ఎనిమిదా?" అంటే "గదే, గదే" అన్నాడు. ముసురు రోజు జర వేరు, ఎండ రోజు జర వేరు. నాకు తల తిరిగిపోయింది (ఆయన మాత్రం నిమ్మళంగా బీడీ తాగొచ్చాడు). అయినా నలభై సూత్రాలు రాసి కంప్యూటరుకు అప్పజెప్పాను.

ట్రయల్ రోజు కంప్యూటరు గంజి పోయించింది, పోయించింది, పోయిస్తూనే ఉంది. మూత తీస్తే అట్ల పిండి. మేనేజరు నా వంక చూశాడు. ఉద్యోగం పోయిందనుకుని ఏడుపొక్కటే తక్కువగా మామ మీద పడ్డాను. "పాయింటు ఆరు అంటే అవునన్నావు కదా మామా!"

"మీరు గంత కష్టపడి రాసుకుంటున్రు సారూ," అన్నాడు నొచ్చుకుంటూ. "పెద్ద సదువు సదివిన పిలగాడు అడుగుతుంటే కాదని ఎట్లంట?"

నేను రాసిన నలభై సూత్రాలూ ఆయన మర్యాదే! సిగ్గుతో చచ్చిపోయాను. మేనేజరు మాత్రం పంపించెయ్యలేదు. "కంప్యూటర్ మూసి, చెయ్యి పెట్టు. మామ పొయ్యేలోపల నేర్చుకో" అన్నాడు.

నా పిడికిలి మీద తన పిడికిలి వేసి నేర్పాడు మామ. అప్పుడు మర్యాదేమీ లేదు, "కాదు, మల్ల జూడు" అని రోజంతా కసిరేవాడు. ఆయన ఆఖరి రోజున ఆయనకన్నా ముందు నేనే "ఇగ సాలు" అన్నాను. ఆయన ముద్ద ముట్టుకోకుండానే మిషను బంద్ చేశాడు.

నా ఉద్యోగం నిలబడింది. నలభై సూత్రాలు రాసిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలి కూడా వేస్తుంది. వాడికి అన్నీ రాయడం వచ్చు. నాకు ఆ ముద్ద ఎప్పుడు సరిపోయిందో తెలుసు గానీ, ఎలా తెలుసో ఒక్క ముక్క రాయమంటే రాయలేను.